ఏ పద్దులో పెడదాం? డెల్టా పంచాయతీల్లో చిన్న పనులకు డబ్బు వచ్చే దారి

ఊరి చివర బోదె (చిన్న పంటకాలవ) మీద నాలుగు సిమెంటు తూరలు వేసి, పైన కంకరా మట్టీ పోసి, పాడె మోసే నలుగురూ నీళ్లలో దిగకుండా అవతలి గట్టు మీది శ్మశానానికి చేరేలా చేయడం పెద్ద విద్యేమీ కాదు. తాపీమేస్త్రీ ఊళ్లోనే ఉంటాడు. ట్రాక్టరూ ఊళ్లోదే. కూలీలతో కలిపి మూడు రోజుల పని. గోదావరి డెల్టాలో ఇలాంటి తూము కోసం ఎదురుచూసే పేటలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి సెంటూ వరిచేనో కొబ్బరితోటో చేపల చెరువో అయిపోయిన చోట, చచ్చినవాళ్లకు మిగిలేది చాలాసార్లు కాలవ గట్టే. ఇదే పని పంచాయతీ డబ్బుతో చేయించాలంటే ఒక ఊళ్లో నెలన్నరలో అయిపోతుంది, పక్క ఊళ్లో సర్పంచి పదవీకాలం ముగిసినా మొదలవ్వదు.

ఎందుకు అవ్వలేదని రచ్చబండ దగ్గర అడిగితే జవాబు తడుముకోనక్కర్లేకుండా వస్తుంది: పార్టీ, కులం, సర్పంచి చేతివాటం. అవి లేవనడం అబద్ధమే అవుతుంది. అయితే పంచాయతీ దస్త్రాలు ఓపిగ్గా తిరగేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆగిపోయిన చిన్న పనుల్లో చాలావాటిని ఎవరూ కాదనలేదు. గ్రామసభలో అందరూ సరేనన్నారు, తీర్మానమూ రాశారు. ఆ పనిని ఏ పద్దులో పెట్టాలో తేలలేదు, అంతే. పంచాయతీలో అవసరానికి తగ్గ డబ్బు వెతకడం అరుదు, ఉన్న డబ్బుకు తగ్గట్టు అవసరాన్ని రాసుకోవడమే రివాజు.

కొన్ని దేశాల్లో స్థానిక మండళ్లు ఏటా దరఖాస్తులు పిలిచి, మార్కులు వేసి, పదివేలో లక్షో సంఘాల చేతికే ఇస్తాయి. మన పంచాయతీకి ఆ అలవాటు లేదు. యువజన సంఘానికో మహిళా సంఘానికో చెక్కు రాసి ‘మీరే చేసుకోండి’ అనదు. అర్జీ తీసుకుంటుంది, తీర్మానం చేస్తుంది, అంచనా వేయిస్తుంది, పని తనే చేయించి బిల్లు కడుతుంది. కాబట్టి ఇక్కడ పోటీ దరఖాస్తుల మధ్య ఉండదు, పద్దుల మధ్య ఉంటుంది.

ముందు పెద్ద పద్దు చూద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక, కేంద్ర ఆర్థిక సంఘం ఇచ్చే గ్రాంటే పల్లెలకు ప్రధాన ఆధారమైంది. 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్లకు 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. వినడానికి సముద్రమంత. 2011 జనాభా లెక్కల్లో గ్రామీణులు దాదాపు 83 కోట్లు, కాబట్టి దేశ సగటున తలకు ఏడాదికి 570 రూపాయలు. అందులో గ్రామ పంచాయతీ వాటా 70 నుంచి 85 శాతం, మిగతాది మండల, జిల్లా పరిషత్తులది. మూడు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి ఉరామరిగా 12 నుంచి 14 లక్షలు వచ్చిందన్నమాట. ఆ అయిదేళ్లలో దాంట్లోనూ 60 శాతానికి ముందే ముడి వేసి పంపారు: సగం పారిశుద్ధ్యానికి, సగం మంచినీటికి. ముడి లేని 40 శాతం, అంటే అయిదు లక్షల చిల్లర, ఊరు తన ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టుకోగలిగింది. ‘ఇష్టం’లో జీతాలూ ఆఫీసు ఖర్చులూ చేరవు. కిలోమీటరు సిమెంటు రోడ్డుకు కూడా చాలని ఆ మొత్తం మీదే రోడ్డు, వీధిదీపం, అంగన్‌వాడీ ప్రహరీ, మన బోదె తూము, అన్నీ ఆశ పెట్టుకుంటాయి.

ముడిపడిన డబ్బు డెల్టాకు పనికిరానిదేమీ కాదు. భీమవరం, కాళ్ల, మొగల్తూరు వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లే. అక్కడ ఊరి ప్రాణం మంచినీటి చెరువులో ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేసే ముందే చెరువు నింపుకోవాలి, ఆ నీటినే ఫిల్టర్ బెడ్ల మీదుగా ట్యాంకుకెక్కించాలి. బెడ్లలో ఇసుక మార్చడానికి, మోటారు కాలిపోతే చుట్టించడానికి, పైపు పగిలితే అతకడానికి ఆ మంచినీటి వాటా అక్కరకొస్తుంది. చిక్కు ఎక్కడంటే, రెండు పనులు చూడ్డానికి ఒకేలా ఉన్నా పద్దులో వేరవుతాయి. వీధి మురుగు డ్రెయిన్‌లోకి పోవడానికి రోడ్డు కింద తూరలు వేస్తే అది పారిశుద్ధ్యం, ముడిపడిన నిధి చెల్లుతుంది. అవే తూరలు, అదే మేస్త్రీ, కానీ బోదె మీద శ్మశానానికి దారి కోసం వేస్తే ఆ నిధి చెల్లదు. తెలిసిన కార్యదర్శి ఉన్న ఊళ్లో మొదటిదాన్ని ముడిపడిన పద్దుకు తోసి, ముడిలేని డబ్బును రెండోదానికి మిగులుస్తాడు. తెలియని చోట రెండూ ఒకే పద్దు మీద పడి, గట్టిగా అరిచిన వీధిదే నెగ్గుతుంది.

ఇక సొంత డబ్బు. ఇంటి పన్ను, కుళాయి పన్ను, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా, సంత ఆశీలు అన్ని జిల్లాల్లోనూ ఉండేవే. డెల్టా పంచాయతీకి వాటికి తోడు వేలం పాటలున్నాయి. ఊరచెరువు చేపల పాట, గట్ల మీద కొబ్బరిచెట్ల పాట. ఆకివీడు, ఉండి వైపు ఒక్క చెరువు పాటతోనే ఊరి బడ్జెట్టు ముఖం మారిపోయే పంచాయతీలున్నాయి. మెట్ట ప్రాంతపు సర్పంచులు అసూయపడే ఆదాయం ఇది.

పాట జరిగే తీరు చూడాల్సిందే. ముందురోజు ఊళ్లో టముకు. పంచాయతీ అరుగు మీద కుర్చీలు, ధరావత్తు కట్టినవాళ్ల పేర్లు రాసుకుంటూ కార్యదర్శి, పక్కన మండలం నుంచి వచ్చిన అధికారి. సర్కారు వారి పాట ఇంత అని చదవగానే కాసేపు ఎవరూ నోరు విప్పరు. అందరి కళ్లూ వేపచెట్టు కింద నిలబడ్డ ఇద్దరు ముగ్గురి మీదే. వాళ్లు రాత్రే కూడబలుక్కుని ఉంటే పాట వెయ్యి, రెండు వేలు కదిలి ఆగిపోతుంది. పొరుగూరి రైతొకడు పంతానికి దిగితే నిరుటి పాటకు రెట్టింపు దాటుతుంది. ‘ఒకటోసారి, రెండోసారి’ అన్న తర్వాత వచ్చే ఆ చిన్న విరామంలో ఊరి ఏడాది ఖర్చు తేలిపోతుంది. గ్రామసభలో ఎంత వాదించినా అంత డబ్బు పుట్టదు. అయినా శ్మశానం దారి గురించి గ్రామసభకు వచ్చే పేట జనం పాట రోజున కనిపించరు. కూలికి పోయే వేళ అది. ఇంకొక్కరు ధరావత్తు కట్టేలా చూసుకున్న పేట, నాలుగు అర్జీలు పెట్టిన పేట కంటే ఊరి సొమ్ముకు ఎక్కువ మేలు చేస్తుంది. ఇది పంచాయతీ పాఠాల్లో ఎవరూ చెప్పని మాట.

సొంత డబ్బంటే సొంత ఇష్టమని కూడా అనుకోకూడదు. ఆగస్టు 15న జెండా పండక్కి మైనరు పంచాయతీ 100 రూపాయలు, మేజరు పంచాయతీ 250 ఖర్చుపెట్టొచ్చన్న పాత పరిమితి రాష్ట్రంలో 2024 దాకా నడిచింది. ఆ ఏడాదే దాన్ని పదివేలకు, పాతికవేలకు పెంచారు. అంతవరకూ పిల్లలకు పంచే బిళ్లలు సర్పంచి జేబులోంచో షావుకారు దయతోనో రావాల్సిందే. ఖాతాలో లక్షలున్న పంచాయతీ వందనోటు దగ్గర ఆగిపోయిందంటే, డబ్బు ఉండటం వేరు, దాన్ని ఖర్చుపెట్టే అధికారం ఉండటం వేరు. ఉన్న డబ్బు ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు, ఖాతా చూసుకుని పనులు ఒప్పుకున్న సర్పంచులు రోడ్డెక్కారు. అంతకుముందు 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా పాలకవర్గాలే లేక ప్రత్యేకాధికారులతో నెట్టుకొచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర గ్రాంటు ఆగిపోతుంది. అంటే ఎన్నిక వాయిదా పడితే తూమూ వాయిదా పడినట్టే.

పంచాయతీ పుస్తకాల్లో కనపడని ఇంకో ఖజానా ఉంది. రామాలయం అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని జరిపే పాటలు. ఊరుమ్మడి చెరువు, దేవుడి మాన్యం, ఒక్కోచోట చట్టం ఏమాత్రం ఒప్పుకోని మద్యం గొలుసు దుకాణం దాకా. పాట సాయంత్రం అయితే తెల్లారేసరికి డబ్బు ధర్మకర్త చేతిలో ఉంటుంది, వారంలో పని మొదలవుతుంది. అంచనా లేదు, ఎంబుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఈ వేగాన్ని చూసి మురిసిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు, ‘మన ఊరు మనం బాగుచేసుకున్నాం’ అని. ఆ డబ్బుతో కట్టిన గోపురాలూ కల్యాణ మండపాలూ చాలానే కనిపిస్తాయి. పేట శ్మశానానికి వేసిన దారులు మాత్రం వెతికినా దొరకవు. ఆ అరుగు మీద ఎవరు కూర్చుంటారో, ఎవరు కింద నిలబడతారో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అంత నత్తనడక నడిచినా, పంచాయతీ తీర్మానం పుస్తకానికే ఓటు వేయాల్సి వస్తుంది. దాంట్లో కనీసం పేట వార్డు సభ్యురాలి సంతకానికి ఒక గడి ఉంటుంది.

పంచాయతీ బయటి తలుపులు కూడా కొట్టొచ్చు. ఎంపీ నిధులు 1993 నుంచి ఉన్నాయి, ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి అయిదు కోట్లు. అందులో 15 శాతం ఎస్సీలు, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు వెళ్లాలి. నిర్మలా సీతారామన్ దత్తత తీసుకున్నాక నరసాపురం మండలంలోని పెదమైనవానిలంక పేరు ఢిల్లీ కాగితాల్లోకెక్కింది. అలాంటి అదృష్టం ఏ ఊరినైనా వరించవచ్చు, దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేసుకోవడం మాత్రం కష్టం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకా పెద్ద తలుపు తెరిచింది: కూలీకి 60, సామగ్రికి 40 పాళ్ల లెక్కలో, ఊరివాళ్లు మట్టిపని ఎంత చేస్తే అంత సామగ్రి వాటా జమయ్యేది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టించి, అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరుతో మొదలుపెట్టిన సిమెంటు రోడ్లు ఆ వాటాతోనే. ఒకేరోజు అన్ని సభలు జరగడం గొప్పగానే అనిపిస్తుంది. కానీ రోడ్లకు ముందే పద్దు సిద్ధంగా ఉన్నప్పుడు సభలో తూము అడిగినా రోడ్డు రాసుకోవడమే జరుగుతుంది. ఇక గుడి సంగతి. ప్రభుత్వ నిధులు ప్రార్థనాస్థలం మీద పెట్టకూడదు గనుక పేటలో రామాలయం పక్కన కట్టే అరుగు కాగితం మీద ‘కమ్యూనిటీ హాలు’ అవుతుంది. పేరు మారితే పద్దు కుదురుతుంది. అందరికీ తెలిసిన సంగతే, అందరూ ఊరుకునే సంగతే.

ఇప్పుడు కాగితం నడక. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న వచ్చే ఏడాది అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. సభలో పని పేరు వినిపించాలి, తీర్మానంలోకి ఎక్కాలి. అక్కడితో పనైపోయిందనుకుని ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. నిజానికి అసలు గడప ఆ తర్వాతే వస్తుంది. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ప్రతి పనినీ విడిగా నమోదు చేయాలి, దానికో కోడు పడుతుంది. ప్రణాళికలో కోడు లేని పనికి ఆర్థిక సంఘం డబ్బుతో బిల్లు పెట్టడం కుదరదు. పైగా పనిని తొమ్మిది ఇతివృత్తాల్లో ఒకదాని కింద చేర్చాలి: పేదరికం లేని పంచాయతీ, ఆరోగ్య పంచాయతీ, బాలల పంచాయతీ, నీరు సమృద్ధిగా ఉండే పంచాయతీ, ఇలా. శ్మశానానికి దారి వీటిలో ఏదన్న ప్రశ్న నవ్వు తెప్పించవచ్చు. కంప్యూటరు ముందు కూర్చున్న డిజిటల్ అసిస్టెంటుకు అది నవ్వులాట కాదు, ఏదో ఒకటి నొక్కితే తప్ప తెర ముందుకు కదలదు. ‘మౌలిక వసతులు’ నొక్కేసి ముందుకెళతారు.

అంచనా వేయడానికి ఒకప్పుడు మండలంలో ఉండే పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంటు ఇంజినీరు) కోసం చెప్పులరిగేలా తిరగాల్సి వచ్చేది. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ ప్రారంభమయ్యాక ఊళ్లోనే ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉంటున్నాడు. చిన్న పనులకు నిజంగా కలిసొచ్చిన మార్పు ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. టేపు పట్టుకుని బోదె వెడల్పు కొలిచేవాడు నడిచిపోయే దూరంలో ఉన్నాడు. అయితే బోదె పంచాయతీది కాదు. నీరు పారే కాలవ, దాని గట్టూ జలవనరుల శాఖవి. తూర ఎంత వ్యాసం ఉండాలి, దిగువ పొలాలకు నీరు తగ్గుతుందా అనేది వాళ్లు చూసి అభ్యంతరం లేదని రాసివ్వాలి. దిగువ రైతు ఒక్కడు ‘నా చేనుకు నీరందదు’ అని అర్జీ పెడితే ఆ కాగితం అక్కడే పడుకుంటుంది. ఎగువా దిగువా తగువు డెల్టాలో కాటన్ ఆనకట్టంత పాతది. దాన్ని పంచాయతీ ఎలాగూ తీర్చలేదు.

అన్నీ దాటి పని అయ్యాక కొలతలు ఎంబుక్కులో ఎక్కాలి, పై ఇంజినీరు సరిచూడాలి, ఆ తర్వాత సర్పంచి, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలతో డబ్బు పనిచేసినవాడి ఖాతాలో పడాలి. ‘కీ పెట్టారా?’ అన్నది ఇప్పుడు పల్లెల్లో కొత్త పలకరింపు. డిజిటల్ సంతకం పెట్టే వేలెడంత పరికరం అది. కొన్నిచోట్ల మహిళా సర్పంచి కీ ఆవిడ భర్త చొక్కా జేబులో ఉంటుంది. కార్యదర్శికి బదిలీ అయితే కొత్తాయన సంతకం నమోదయ్యేదాకా ఊరి బిల్లులన్నీ ఆగుతాయి. ఇవేవీ తెలియని పేట మాత్రం తమను కావాలనే తిప్పుతున్నారనుకుంటుంది. ఒక్కోసారి ఆ అనుమానం నిజమే కావడం అసలు దురదృష్టం. ఎందుకంటే కావాలని ఆపినదీ, కాగితం వల్ల ఆగినదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టుకోవాలంటే ఆ పని కోడు ఉందా, అంచనా ఏ తేదీన వేశారు, జలవనరుల శాఖకు లేఖ వెళ్లిందా అని ఈ మూడే అడగాలి. కోడు సంగతి పోర్టల్లో ఎవరైనా చూసుకోవచ్చు. మిగతా రెండూ సమాచార హక్కు అర్జీతో నకలు తెప్పించుకోవచ్చు. పొదుపు సంఘంలో పుస్తకాలు రాసే ఆవిడ ఎవరైనా పేటలో ఉంటే ఈ పని ఆవిడే చక్కగా చేస్తుంది. బ్యాంకు కాగితాలతో కుస్తీపట్టిన చెయ్యి మరి.

ఇంత చేసినా ఒక మెలిక మిగులుతుంది. అది డెల్టాకే ప్రత్యేకం. బోదెలో నీళ్లుండగా తూరలు దించలేరు. సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్‌లో వదిలిన నీరు దాళ్వా (రబీ వరి) కోసేదాకా, ఏదో ఒక పేరుతో, పారుతూనే ఉంటుంది. కాలవలు కట్టేసేది ఏప్రిల్ మధ్యలోనో చివరనో. మళ్లీ వదిలేది జూన్ మొదట్లోనో మధ్యలోనో. పనికి దొరికేది ఆ ఆరేడు వారాలే. సర్కారు లెక్కల ఏడాది చూస్తే మార్చి 31న ముగుస్తుంది. మార్చిలో బిల్లుల తొక్కిసలాట, ఏప్రిల్లో కొత్త పద్దులు తెరుచుకోవడానికి ఆలస్యం, మేలో ఎండలకు అధికారుల సెలవులు. కాలవ ఎండిన వారాల్లో ఖజానా మూతపడి ఉంటుంది, ఖజానా తెరిచేసరికి కాలవ నిండుతుంది. మెట్ట ఊళ్లో ఇదే తూము ఏ నెలలోనైనా వేయొచ్చు. ఇక్కడ ఒక్క సంతకం పదిహేను రోజులు ఆలస్యమైతే పని ఏడాది వెనక్కి పోతుంది. పాలకవర్గం అయిదేళ్లలో ఇలాంటి ఆరు వారాలు అయిదుసార్లే వస్తాయి.

పని అయిన ఊళ్లలో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. అక్టోబరు సభకు ముందే అంచనా వేయించుకుంటారు. సంక్రాంతిలోపు జలవనరుల శాఖ కాగితం తెచ్చుకుంటారు. డబ్బు ఆర్థిక సంఘానిది దొరక్కపోతే చెరువు పాట సొమ్ములోంచి ముందుగా సామగ్రి కొనేస్తారు. మార్చి నెలాఖరులో ఆ ఊరి మీదుగా పోతుంటే పుంత పక్కన, ఇంకా నీరు పారుతున్న బోదె గట్టు మీద, నాలుగు సిమెంటు తూరలు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. సాయంత్రం పూట పిల్లలు వాటి మీద కూర్చుని కాళ్లాడిస్తుంటారు.